మోచేతి గీత

మా కంపెనీలో కారు డోరు ఎంత ఎత్తుండాలో తేల్చేది కంప్యూటరూ కాదు, ఇంజనీరూ కాదు. ఒక మనిషి మోచెయ్యి. చేరిన కొత్తలో ఈ మాట విని నేను కిసుక్కున నవ్వాను. ఆ నవ్వుకి మా సెక్షన్ పెద్దావిడ నన్ను నెల రోజులు పాత సీట్ల కుట్లు విప్పే పనికి తోసింది. మీరు నవ్వినా నేనేమీ అనుకోను, కాస్త ఆగి నవ్వండి.

మేం చేసేవి టాపు లేని రెండు సీట్ల కార్లు. ఏడాదికి నూట నలభై మించవు. జుట్టు గాలికి ఎగరాలని సరదాపడేవాళ్లు కొంటారంటారు గానీ, అసలు జుట్టే లేనివాళ్లు ఎక్కువ కొంటారని నా అనుభవం. నేను సీట్లు కుడతాను. స్పాంజి కోయడం, పొరలు అంటించడం, తోలు లాగి కుట్టడం ఇరవై ఆరేళ్లుగా నా పని. నా మిషనుకి ఎదురుగా, రేకు అడ్డం అవతల, డోర్లు బిగించే చోటు. అక్కడ ముప్ఫై ఏళ్లుగా ఉన్నవాడే మోచేయి మేస్త్రి. నేను అన్నయ్యా అంటాను. మా మధ్య రక్తసంబంధం లేదు, పదకొండు గంటల టీ సంబంధం ఉంది.

కంపెనీ పెట్టిన పెద్దాయన మొదటి నమూనా చేసినప్పుడు డోర్లు భుజాల దాకా వచ్చాయట. ఎక్కినవాడల్లా గంగాళంలో కూర్చోబెట్టినట్టుందని దిగిపోయాడు. పెద్దాయనకి ముక్కు మీద కోపం. విసవిసా షెడ్డులోకి వచ్చి, కంటికి ఎదురుగా కనిపించిన టింకరు కుర్రాణ్ణి పట్టుకున్నాడు. డెంట్లు తీసే పనికి చేరి అప్పటికి పన్నెండు రోజులు. "ఎక్కి కూర్చో. రోడ్డు మీద పోతున్నాననుకో. చెయ్యి హాయిగా పక్కన పెట్టు" అన్నాడు. కుర్రాడు మోచెయ్యి ఎక్కడ ఆనితే బాగుంటుందో అక్కడ గాలిలో ఆపాడు. పెద్దాయన అక్కడికి అట్ట పట్టుకుని నీలం పెన్సిలుతో గీత గీశాడు. ఆ గీత దగ్గర డోరు కోసి చేసిన కారే మేం మొదట అమ్మిన కారు. ఇప్పటికీ ముందు హాల్లో అద్దాల వెనక ఉంటుంది.

ఆ కుర్రాడే మా మేస్త్రి, అప్పట్నుంచి అదే ఆనవాయితీ. కొత్త మోడలు వచ్చినప్పుడల్లా మట్టి నమూనాలో నేను కుట్టిన సీటు పెడతారు. మేస్త్రి చెప్పులు విప్పి ఎక్కుతాడు. ఎదురుగా చూస్తాడు. చెయ్యి ఎత్తి, అలా వదిలేస్తాడు. అది వాలిన చోట గీత. ఆ కాసేపూ షెడ్డులో ఎవరూ దగ్గనైనా దగ్గరు. తర్వాత కాగితం మీద "డోరు పై అంచు: మోచెయ్యి" అని రాసి, కింద ఆయన సంతకం పెట్టిస్తారు. మోచెయ్యి అబద్ధం చెప్పదని పెద్దాయన అనేవాడు. కంపెనీ కంపెనీ అంతా ఈయన మోచేతి నీళ్లు తాగి బతుకుతోందని మేం ఆటపట్టించేవాళ్లం. మేస్త్రి మాత్రం ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేవాడు. ముప్ఫై ఏళ్లలో ఆరు మోడళ్లు, మొదటిది పోను ఐదు ఇస్త్రీ చొక్కాలు. చదువు లేదు, పదవి లేదు, ఆ గీత ఒక్కటే ఆయనకున్న గొప్ప.

ఇక్కడొక సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు. టాపు ఉన్న కారుకి పక్క నుంచి దెబ్బ తగిలితే పైకప్పు, మధ్య స్తంభం, డోరు మూడూ పంచుకుంటాయి. మా కారుకి పైకప్పూ లేదు, కిటికీ చట్రమూ లేదు. డోరు ఒంటరిది, భారమంతా దానిదే. దాని లోపల అడ్డంగా ఒక ఉక్కు గొట్టం ఉంటుంది, దెబ్బ కాసేది అదే. ఆ గొట్టం మోచేతి గీతకి జానెడు కింద రావాలని పెద్దాయన పెట్టిన లెక్క. గీత ఎక్కడుంటే గొట్టం దాని వెంటే పోతుంది. మాలాంటి చిన్న కంపెనీలు కారుని నిజంగా గుద్ది చూపించక్కర్లేదు, కాగితం మీద లెక్కలు ఇస్తే చాలు. మేం ముప్ఫై ఏళ్లూ ఇచ్చాం.

మేస్త్రి భార్యని నేను వదినా అంటాను. ఆవిడ కాపురానికి వచ్చినప్పుడు పన్నెండేళ్ల తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది, తల్లీతండ్రీ లేరు కాబట్టి. వాడు పెరిగి మా కంపెనీలోనే చేరాడు. తయారైన ప్రతి కారునీ రోడ్డు మీద నలభై మైళ్లు నడిపి చూసేవాడు. ఎప్పుడు చూసినా రోడ్డు మీదే, జుట్టు ఎప్పుడూ నిక్కబొడుచుకునే. అందుకే వాణ్ణి గాలిపటం అనేవాళ్లం. పెళ్లి చేసుకోరా అని వదిన పోరితే, "ఉన్నవి రెండు సీట్లక్కా, రెండోది బావది" అనేవాడు. నిజంగానే సాయంత్రం బావని పక్కన కూర్చోబెట్టుకుని ఇంటి దాకా తెచ్చేవాడు. ఇద్దరూ చెరో పక్క మోచెయ్యి డోరు మీద పెట్టుకుని, రోడ్డంతా తమదేనన్నట్టు వచ్చేవాళ్లు. వదిన గుమ్మంలో నిలబడి, వచ్చారు దొరలు అనేది.

ఎనిమిది నెలల కిందట, మధ్యాహ్నం పన్నెండున్నరకి, నాలుగు రోడ్ల కూడలిలో ఒక ఎత్తు బండి ఎర్ర దీపం దాటుకుని వచ్చి గాలిపటం కూర్చున్న వైపు గుద్దింది. ఈ మధ్య అందరూ కొంటున్నారే, మెట్టెక్కి కూర్చోవాల్సిన బళ్లు, అలాంటిది. దాని ముందు భాగం మా కారు గొట్టానికి పైగా వచ్చి తగిలింది. పక్కటెముకలన్నీ పోయాయి. మూడో రోజు తెల్లవారాక వాడు పోయాడు.

మేస్త్రి ఏడవలేదు. మూడు వారాలకి పనిలోకి వచ్చాడు, ఎప్పటిలాగే డోర్లు బిగించాడు. టీ ఇస్తే తాగాడు, ఇవ్వకపోతే అడగలేదు. పాడైన కారుని తెచ్చి పెరట్లో టార్పాలిన్ కప్పి పెట్టారు. రోజూ దాని పక్క నుంచే నడిచేవాడు, తల తిప్పకుండా, అలాగని వడివడిగా కూడా కాకుండా. నాకు మొదట జాలేసింది, తర్వాత విసుగొచ్చింది, తర్వాత భయమేసింది. వదిన అయితే నా దగ్గర కూర్చుని చెప్పి చెప్పి ఏడ్చేది. "గోడకైనా వానాకాలం చెమ్మ పడుతుంది. ఈయనకి అదీ లేదు. ఒక్కసారి ఏడవండి, నాతోపాటు ఏడవండి, నేనొక్కదాన్నే మొయ్యలేకపోతున్నానంటే, అన్నం చల్లారిపోతోంది తిను అంటాడు. వాణ్ణి భుజాన వేసుకుని పెంచిన మనిషేనా ఈయన?" అనేది.

ఇదిలా ఉండగా ఏడో మోడలు పని వచ్చింది. గీత గీసే రోజు సోమవారం అని బోర్డు మీద రాశారు. గీత పడగానే డోరు అచ్చులు కోతకి వెళ్లిపోతాయి, ఇక వెనక్కి తేవడం కుదరదు. ఆ ముందు గురువారం నేను అందరికీ పని కోట్లు కుడుతున్నాను. అదీ నా నెత్తినే ఉంది, సూది పట్టిందాని మీద ఊరందరి చిరుగులూ పడతాయి. అట్టపెట్టెలో అందరి కొలతల చీటీలూ ఉంటాయి. మేస్త్రి చీటీ ముప్ఫై ఏళ్లనాటిది, పెద్దావిడ చేతిరాత. పాత కొలతకి కుట్టిన కోటు ఆయనకి మోకాళ్ల దాకా జారుతోందని, టేపు తీసి మళ్లీ కొలిచాను. మెడ నుంచి నడుము దాకా దాదాపు రెండంగుళాలు తగ్గింది.

ఆయన్ని నవ్వించి ఎన్నాళ్లయిందో. ఆ ఆశతోనే అన్నాను.

"అన్నయ్యా, నువ్వు అరిగిపోతున్నావు. ఇంకో పదేళ్లకి నిన్ను మడిచి టూల్ బాక్సులో పెట్టుకోవచ్చు."

"ఎంత తగ్గింది?" అన్నాడు.

"రెండంగుళాలు, ఒక నూలు తక్కువ."

ఆయన టేపు వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత స్టూలు లాక్కుని కూర్చుని, "ఇప్పుడు కొలువు. కూర్చున్న చోటి నుంచి మోచేతి దాకా" అన్నాడు. ఏడున్నర అంగుళాలు వచ్చింది. టేపు నా చేతిలోంచి తీసుకుని ముందు హాల్లోకి నడిచాడు. ఏం కొంప మునిగిందోనని నేనూ వెనకే పోయాను. అద్దాల గదిలో ఆరు మోడళ్లూ వరసగా ఉంటాయి. మొదటిదాని సీటు నుంచి డోరు పై అంచుకి కొలిచాడు. తొమ్మిదిన్నర. తర్వాతది తొమ్మిదీ పావు. అలా ఒక్కొక్కటీ. ఆరోదానికి వచ్చేసరికి ఏడూ ముప్పావు.

ఐదేళ్లకో పావు, ఐదేళ్లకో అర. ఎవరి కళ్లకి ఆనుతుంది? కొన్నవాళ్లు డోరు ఎంత చక్కగా దిగిందో అని మెచ్చుకున్నారు. ఇంజనీర్లు అదే ఇప్పటి ఫ్యాషన్ అనుకున్నారు. ఎవరికి వాళ్లు మోచెయ్యిని నమ్మారు, పాత కారు పక్కన పెట్టి కొలిచినవాడు లేడు. పాపం మోచెయ్యి అబద్ధమూ చెప్పలేదు. మేస్త్రి వీపు వంగినంత మేర అదీ కిందికి దిగింది, దాంతోపాటు గీత దిగింది, గీతతోపాటు గొట్టం దిగింది. రోడ్డు మీద బళ్లు మాత్రం ఏటేటా ఎత్తు పెరుగుతూ వచ్చాయి.

ఆయన ఆరో కారు డోరు మీద టేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. గాలిపటం నడిపింది ఆ మోడలే. నేను చెప్పక్కర్లేకపోయింది, ఆయన చెప్పక్కర్లేకపోయింది.

శనివారం టీ వేళ నేనే మాటెత్తాను. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, దాచను.

"సోమవారం నిటారుగా కూర్చో అన్నయ్యా. చెయ్యి రెండంగుళాలు పైన పెట్టు. కొత్త కారు బాగుపడుతుంది. నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు."

"రోడ్డు మీద తిరుగుతున్నవి?"

"అన్నీ గుద్దుకుంటాయా ఏంటి?"

"ఒకటి గుద్దుకుంది."

"సరే, చెప్పు. దండోరా వేయించు. వదినకి ఏమని చెప్తావు? ఆ మనిషి ఇప్పటికే సగమైంది. విధి అనుకుని ఎలాగో బతుకుతోంది. ఆ విధి నీ మోచెయ్యేనని చెప్తావా?"

ఆయన గ్లాసు అడుగుకి చూస్తూ అన్నాడు. "నాకు ఏమీ అనిపించట్లేదమ్మా. గురువారం నుంచి ఎదురుచూస్తున్నాను, ఇప్పుడైనా ఏదో ఒకటి వస్తుందని. తిమ్మిరెక్కిన కాలు మీద నిలబడ్డట్టుంది. కింద నేల ఉందని తెలుస్తోంది, అంతే."

నేను ఆయన కోసం, వదిన కోసం అలా అన్నాననుకున్నాను. నిజం చెప్పాలంటే నా కోసమే. ఆ ఇంట్లో నాకో చాప ఉంది, ఒక వదిన ఉంది. అవి పోతాయని భయం.

సోమవారం అందరూ చేరారు. పెద్దాయన పోయాక కంపెనీ చూసుకుంటున్నది ఆయన కూతురు. ఆవిడ, కళ్లజోడు ఇంజనీరు, ఇంకో పదిమంది. మేస్త్రి ఇస్త్రీ లేని చొక్కాతో వచ్చాడు. చెప్పులు విప్పి ఎక్కాడు. ఎదురుగా చూశాడు. నేను ఆయన వీపు వైపే చూస్తున్నాను, నిటారుగా అవుతుందా అని. కాలేదు. చెయ్యి ఎత్తి, ఎప్పటిలాగే వదిలేశాడు. ఇంజనీరు గీత గీశాడు.

"ఇప్పుడు సీటు నుంచి తొమ్మిదిన్నర అంగుళాల దగ్గర ఇంకోటి గియ్యండి" అన్నాడు మేస్త్రి.

"అదెందుకండీ?"

"గియ్యండి బాబూ."

గీశాడు. రెండు నీలం గీతల మధ్య మూడు వేళ్లు పట్టే సందు. మేస్త్రి కారు దిగకుండానే చెప్పాడు, ఏ మోడలుకి ఎంత తగ్గిందో, ఎందుకు తగ్గిందో. సరుకుల చీటీ చదివినట్టు చెప్పాడు. చివర్లో, "మా వాడు నడిపిన బండికి ఏడూ ముప్పావు" అన్నాడు. ఇంజనీరు పెన్సిలు కింద పెట్టేశాడు. "నేను కొలిచి చూసుకోవాల్సింది, అది నా పని" అని గొణిగాడు. ఆ అబ్బాయి చెడ్డవాడేం కాదు. మోచెయ్యి మీద సంతకం ఉంటే ఇక కొలవక్కర్లేదని వాడి ముందువాళ్లు నేర్పారు.

యజమానురాలు మట్టి నమూనా చుట్టూ ఒకసారి నడిచి వచ్చింది. "మేస్త్రిగారూ, మీరు చెప్పకపోతే మాకు తెలిసేది కాదు" అంది.

"అవునమ్మా."

"చివరి రెండు మోడళ్లూ కలిపి ఎన్ని బయట ఉన్నాయి?" అని ఇంజనీరుని అడిగింది. వెయ్యికి పైనే అన్నాడు. అందరికీ ఉత్తరాలు పంపమంది, బళ్లు నడపొద్దని, కొత్త డోర్లు వచ్చేదాకా ఆపమని. తర్వాత తన గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. ఎవరూ మేస్త్రిని ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని నాకనిపించింది.

కొత్త డోరు ఎంత కాస్తుందో చూడకుండా ఎలా బిగిస్తామని, ఈసారి నిజంగానే గుద్ది చూశారు. ఊరి బయట అద్దెకిచ్చే పరీక్ష మైదానం ఉంది. మీరు రానక్కర్లేదని ఇంజనీరు బతిమాలినా మేస్త్రి వెళ్లాడు, రెండు కార్లకీ డోర్లు తనే బిగించాడు. ఒకటి కింది గీత, ఒకటి పై గీత. సీటు బెల్టు నా పని కాబట్టి నేనూ వెళ్లాను. సీట్లో మనిషంత బొమ్మని కూర్చోబెట్టి, ఎత్తు బండి ముందు భాగంలాంటి దిమ్మ కట్టిన ట్రాలీని పక్క నుంచి తోలారు. మొదటిసారి దిమ్మ గొట్టం మీదుగా వచ్చింది. డోరు పై భాగం కాగితంలా లోపలికి మడుచుకుని బొమ్మ ఛాతీలోకి దిగింది. రెండోసారి గొట్టం అడ్డుకుంది. డోరు సొట్టపోయింది, వంగింది, కానీ ఆగింది. మేస్త్రి దగ్గరికి వెళ్లి, బొమ్మకీ డోరుకీ మధ్య చెయ్యి పెట్టి చూశాడు. జానెడు పట్టింది. ఒక్క పరీక్షతో ఏమీ తేల్చలేం, ఆ రోజు గుద్దిన బండి వేగం మనకి తెలీదు కదండీ అని ఇంజనీరు అంటూనే ఉన్నాడు. మేస్త్రి చెయ్యి తియ్యలేదు.

తిరిగొచ్చేటప్పుడు, "ఇంటికి రా. నేను మధ్యలో ఆగిపోతే మిగతాది నువ్వు చెప్పు" అన్నాడు.

సాయంత్రం ఇంకా వెలుతురుంది. వదిన ముందు గదిలో మంచం మీద ఆరిన బట్టలు పోసుకుని మడతలు పెడుతోంది. నన్ను చూసి జరిగి చోటిచ్చింది. మేస్త్రి కింద కూర్చున్నాడు. కోటు కొలత నుంచి మొదలుపెట్టాడు. ఎక్కడా ఆగలేదు. వదిన చేతులు కూడా ఆగలేదు, చొక్కాలు, లంగాలు, దిండు గలీబులు ఒక్కొక్కటే మడత పడుతున్నాయి.

"ఎవరి గీత?" అంది చివరికి.

"నాదే."

"పై గీత ఉంటే?"

"జానెడు సందు మిగిలింది. బొమ్మకి డోరు తగల్లేదు."

"వదినా, ఒక్క పరీక్షతో తేల్చలేమని ఇంజనీరు..." అని నేను నోరు తెరిచాను.

"నిన్నడగలేదు" అంది, నా వైపు చూడకుండా. "మీరు చెప్పండి. వాడు బతికేవాడా?"

"బతికేవాడేమో" అన్నాడు. మళ్లీ తనే, "బతికేవాడు" అన్నాడు.

అప్పుడొచ్చింది ఆయనకి ఏడుపు. మొదట దగ్గేమో అనుకున్నాను. మంచం పట్టెకి తల ఆనించి, అరవై ఏళ్ల మనిషి, నోరు తెరుచుకుని ఏడ్చాడు. ఎనిమిది నెలలుగా వదినా నేనూ దేని కోసం మొక్కుకున్నామో అది మా కాళ్ల దగ్గరే జరుగుతోంది. నా కళ్లు నిండాయి. ఇప్పుడైనా ఇద్దరూ కలిసి ఏడుస్తారు, గండం గడిచిందనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని.

వదిన ఆయన్ని చూసింది. కోపం లేదు ఆ చూపులో, ఉంటే నేను గుర్తుపట్టేదాన్ని. పక్కింటివాళ్ల గొడవ చూసినట్టు చూసింది.

"ఏమండీ" అంది మెల్లగా, "అవతలి గదిలోకి వెళ్లి ఏడవండి."

ఆయన లేచి, గోడ పట్టుకుని, అవతలి గదిలోకి వెళ్లాడు. తలుపు దగ్గరికేసిన చప్పుడైంది. లోపల్నుంచి ఏడుపు వినిపిస్తూనే ఉంది. వదిన కంట్లో తడి లేదు. మడతలు పూర్తిచేసి, ఇంకా చెమ్మగా ఉన్న తువ్వాలొకటి వేరుగా తీసి కుర్చీ వెనక ఆరేసింది.